రాతి రంగు తుపాకీ కట్టె

తూప్రాన్ దాటాక హైవే పక్కన టీ తాగుతున్న ఏజెంట్ రత్నాకర్‌ను పట్టపగలు ఒకే గుండుతో కూల్చారు. గ్లాసు నేల మీద పడేలోపే మనిషి పోయాడు.

ఇరవై రోజుల తరవాత, హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ మదన్ మోహన్ ఫైలు తెరిచాడు. ఎదురుగా అమరేందర్ కూర్చున్నాడు. రత్నాకర్‌తో పదకొండేళ్ళు కలిసి పనిచేసినవాడు.

"మన రాడార్ డ్రాయింగులు కొంటున్న విదేశీ రింగు ఇది. దాంట్ల ఉన్నోళ్ళ పేర్లు రత్నాకర్ కోడ్‌ల రాసి పెట్టిండు. ఆ కోడ్ ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెల్వదు."

"ఫేబకు."

"మెదక్‌ల టీచర్. మనకు చెప్పమంటే చెప్పది. మన ఆఫీసులనే ఎవరో లీక్ చేసిండ్రని ఆమె అనుమానం. సోమవారం జడ్జి ముందటనే చెప్తదట. ఆ లోపల ఆమెను చంపాలని రింగు ప్లాన్. షూటర్ ఆరడుగుల ఫారినర్. ఇది రోజీ ఇచ్చిన రిపోర్టు."

రోజీ డబుల్ ఏజెంట్. రింగు లోపల ఉంటూ మూడేళ్ళుగా ఇక్కడికి సమాచారం పంపుతోంది. ఆమె పేరెత్తినప్పుడల్లా మదన్ మోహన్ గొంతు కొంచెం మెత్తబడుతుంది.

"వాళ్ళ దగ్గర పందుల వేటకు వాడే రైఫిల్ ఉన్నది. స్టాక్, అదే భుజానికి ఆనించే కట్టె, పగిలిపోయింది. కొత్తది చేయించి, చుట్టుపక్కల కలిసిపోయే కామఫ్లాజ్ రంగు వేయించనీకి రోజీనే మెదక్ పంపుతున్నరు. నువ్వు పెయింటర్ స్వామివి. స్టాక్‌ల ట్రాకర్ పెట్టు. అది షూటర్ చేతికి చేరినంక పట్టుకుందాం."

"ట్రాకర్ కోసం వాళ్ళు తప్పకుండా వెతుకుతరు సార్."

"ఇది ఆర్డర్, అమరేందర్."

గురువారం నాటికి అమరేందర్ మెదక్‌లో, చౌరస్తా వెనక సందులో, గాలయ్య దుకాణంలో రంగు డబ్బాల మధ్య కూర్చున్నాడు. గాలయ్యకు డెబ్బై ఏళ్ళు. చేలు పాడుచేసే పందులను కాల్చడానికి అనుమతి ఉన్నవాళ్ళందరికీ తుపాకీ కట్టెలు చెక్కేది ఆయనే.

మధ్యాహ్నం నల్ల కారు ఆగింది. రోజీ దిగింది. సందు మొత్తం ఆమె వైపే చూసింది. స్వామి వేషంలో ఉన్నది అమరేందర్ అని ఆమెకు తెలియదు.

"మా ఫ్రెండ్ కోసం. శంకరంపేట దగ్గర మక్క చేన్లల్ల పందుల వేట" అంటూ అక్కడే కొలతలు కాగితం మీద రాసి గాలయ్యకు ఇచ్చింది.

అమరేందర్ రంగుల నమూనాలు పరిచాడు. టేకు ఆకుల పచ్చ. ఎండిన గడ్డి రంగు. కోసిన వరి కొయ్యల రంగు. రోజీ ఒక్కొక్కటే పక్కకు తోసింది.

"ఇవేవీ వద్దు. బండ రంగు కావాలె. బూడిద రంగు మీద వాన నీళ్ళు కారిన నల్ల చారలు, అక్కడక్కడ తుప్పు మచ్చలు. ఎక్కడా మెరవొద్దు. ఫుల్ మ్యాట్."

"పందికి గిన్ని రంగులు ఎందుకమ్మా?" గాలయ్య అన్నాడు. "అది కండ్లతోని చూసేది తక్కువ, ముక్కుతోని పసిగట్టేది ఎక్కువ. స్నో పౌడర్ కొట్టుకోకుండ పొమ్మను మీ దోస్తును, గంతే."

రోజీ నవ్వింది. "మా ఫ్రెండ్‌కు షోకులెక్కువ తాతా. రేపు సాయంత్రం వస్త."

కారు పోయాక అమరేందర్ బూడిద రంగు కలుపుతూ ఆలోచించాడు. మక్క చేనులో బండ రంగు తుపాకీతో దాక్కునేవాడు ఉండడు. ఊళ్ళో అలాంటి బండలున్నది ఖిల్లా గుట్ట మీద. గుట్ట కింద దారిలోనే ఫేబ రోజూ బడికి నడుస్తుంది. షూటర్ ఎక్కడ మాటు వేస్తాడో రంగు చెప్పేసింది.

"స్వామీ, గీ దోస్తు ఎంత పొడుగుంటడట?" గాలయ్య కాగితం చూస్తూ అడిగాడు.

"ఆరడుగులట."

"ఎవడు చెప్పిండు? కట్టె పన్నెండున్నర ఇంచులు రాసింది. ఆరడుగులోనికి పద్నాలుగు దాటాలె. దీంతోని కాలిస్తే వాని బొటనవేలు వాని ముక్కుకే తగుల్తది. మల్ల చెంప ఆనే దిమ్మె కుడి పక్కకు పెట్టమన్నది. ఎడమ చెయ్యోళ్ళకే గట్ల పెడ్తం."

అమరేందర్ చేతిలో కుంచె ఆగింది.

"ఆ పిల్ల గీ కాగితం ఏ చేత్తోని రాసిందో చూసినవా? సిరా అంతా ఎడమ అరచేతికి అంటింది" అన్నాడు గాలయ్య, చెక్కుడు ఆపకుండానే.

అమరేందర్ చూడలేదు. రంగులు చూస్తూ కూర్చున్నాడు. పేరు, ఊరు, నవ్వు, అన్నిటినీ రోజీ మార్చుకోగలదు. చెయ్యి పొడుగు మార్చుకోలేదు. సరిపడని కట్టెతో గురి కుదరదు కాబట్టి, ఈ ఒక్క కాగితంలో ఆమె నిజం రాయక తప్పలేదు.

అతను చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"నాన్సెన్స్" అన్నాడు మదన్ మోహన్. "కట్టెలు చెక్కే ఒక వడ్లాయన మాట పట్టుకొని నా ఏజెంట్‌ను అనుమానిస్తవా?"

"ఆ వడ్లాయన కొలత తప్పడు సార్. రత్నాకర్ తూప్రాన్ దారిల వస్తడని మీరు ఎవరికి చెప్పిండ్రు?"

అవతల ఫైలు మూసిన చప్పుడు వినిపించింది.

"రోజీకే... ఇద్దరు కమాండోలను పంపిస్త. తుపాకీతోని దొరికితేనే నమ్ముత. అంతకంటె ఎక్కువ అడగకు."

అమరేందర్ ట్రాకర్‌ను బల్ల సొరుగులో పడేశాడు. కట్టె ముందు భాగంలో, తుపాకీని మోసే చెయ్యి ఆనే చోట, లక్క పాలిష్ పట్టించాడు. ముఖం కనపడేంత మెరుపు వచ్చేదాకా రుద్దాడు. దాని మీద జిగురు కలపని రంగు పలచగా పూశాడు. పొడిగా ఉన్నంతసేపు అది అసలైన బండ. చెమట తగిలితే నిలవదు.

శుక్రవారం రోజీ వచ్చి, చిన్న స్కానర్‌ను కట్టె పొడవునా తిప్పింది. అది మూగగా ఉంది. "బ్యూటిఫుల్" అంది, సిల్కు గుడ్డలో చుట్టుకుంటూ.

ఆ సాయంత్రమే అమరేందర్ ఫేబ ఇంటికి వెళ్ళాడు. ఆమె పిల్లల నోట్‌బుక్కులు దిద్దుతోంది.

"రేపు బడికి పోకు చెల్లె. ఒక్క రోజే."

"ఇరవై దినాలు సెలవు పెట్టిన అన్నా. ఇగ పెట్టను." ఎర్ర కలం కింద పెట్టలేదు. "నేను ఇంట్ల ఉంటే వాళ్ళు ఆదివారం వస్తరు. కాకుంటే సోమవారం కోర్టు మెట్ల మీద. రానీ. నేను నా దారిలనే నడుస్త. దాక్కునేది వాళ్ళు, నేను కాదు."

అతను వాదించలేదు. బఠానీ గింజంత ఇయర్‌పీస్ ఆమె చేతిలో పెట్టాడు. "నేను 'హాజర్' అంటే, అడుగు కూడ ముందుకెయ్యకు. దారి పక్కన నీళ్ళ తొట్టి గోడ వెనక కూసో."

'హాజర్' అనేది రత్నాకర్ పెట్టిన కోడ్ వర్డ్. భార్య టీచర్ కదా అని నవ్వుతూ పెట్టాడు. ఫేబ ఇయర్‌పీస్‌ను చెవిలో పెట్టుకొని, వెంట్రుకలు సరిచేసుకుంది.

శనివారం ఎనిమిదిన్నర. తూర్పు ఎండ గుట్ట మీద సూటిగా పడుతోంది. గుట్ట కింద ఒక మేడ మీద అమరేందర్ బైనాక్యులర్స్‌తో నిలబడ్డాడు. గుట్ట మీద మేకలు కాస్తున్నట్టు ఇద్దరు కమాండోలు. వాళ్ళ చుట్టూ వెయ్యి బండలు, అన్నీ ఒకే రంగు. ఆ రంగు కలిపింది తనే.

ఫేబ దారిలోకి వచ్చింది. భుజాన సంచి. ఎప్పటి నడకే.

అమరేందర్ బండ బండనూ వెతికాడు. ఏమీ లేదు. ఆమె నీళ్ళ తొట్టి దగ్గరికి వచ్చేసింది. తన పాలిష్ పనిచేయకపోతే? ఆమె ఇంకో నాలుగడుగులు వేస్తే గోడ కూడా దాటిపోతుంది.

గుట్ట నడుమ, రెండు బండల సందులో, ఒక మెరుపు. ఎవరో చెమట పట్టిన చెయ్యి సర్దుకున్నారు.

"హాజర్."

ఫేబ గోడ వెనక కూర్చుంది. గుండు గోడ అంచును పగలగొట్టింది, సున్నం ఆమె జడ మీద రాలింది. రెండో గుండు లేదు. మేకల కాపరులు ఆ సందులోకి దూకేశారు.

అమరేందర్ పైకి ఎక్కేసరికి రోజీ బోర్లా పడి ఉంది. ముఖానికి కూడా బండ రంగే పూసుకుంది.

"మదన్ మోహన్‌కు ఫోన్ చెయ్యి. నేను మీ మనిషిని" అంది.

"ఆయనే నిన్ను తీస్కపోనీకి వస్తుండు. దారిల తూప్రాన్‌ల ఆగుతడట. నీకు ఆ జాగ తెలుసు కద."

తుపాకీని మోసిన ఆమె కుడి అరచేయి నిండా బూడిద రంగు అంటుకొని ఉంది.

అతను దిగి వచ్చేసరికి ఫేబ అక్కడ లేదు. బడికి పరుగెత్తాడు. ఆమె స్టాఫ్ రూమ్‌లో హాజరు రిజిస్టర్ ముందు నిలబడి ఉంది. పదకొండు నిమిషాలు లేటు. కారణం రాయాలి. 'దారిలో చిన్న ఆటంకం' అని రాసింది. ఒకసారి చదువుకుంది. ఏదీ ఎక్కువ చేసి చెప్పడం ఆమెకు అలవాటు లేదు. 'ఆటంకం' కొట్టేసి, 'ఆలస్యం' అని దిద్ది, జడ మీది సున్నం దులుపుకొని క్లాసుకు వెళ్ళిపోయింది.