బొమ్మ కొంటే చీర ఫ్రీ

దీపావళికి ఇంకా పది రోజులున్నాయి. ఆ సాయంత్రం కురిసిన వానకు మదనపల్లె బెంగళూరు బస్టాండు రోడ్డంతా గొడుగులే. వాటిలోంచి ఒక నీలం గొడుగు పక్కకు తిరిగి, శేఖర్ వాళ్ల గిఫ్టు షాపు మెట్లెక్కింది. గొడుగు ముడిచాక గానీ కింద ఎవరున్నదీ అతనికి కనబడలేదు. కనబడ్డాక, చేతిలో బిల్లు పుస్తకం ఎందుకు పట్టుకున్నాడో మరిచిపోయాడు.

"మా యమ్మకు ఏదన్నా మంచి గిఫ్టు కావల్ల," అంది ఆ అమ్మాయి. "నాకు ఉద్యోగమొచ్చినాక ఇదే మొదటి పండగ."

శేఖర్‌కి మాట్లాడటం ఇష్టం. అందమైన అమ్మాయి ఎదురుగా ఉంటే ఇంకా ఇష్టం.

"అమ్మకా మేడమ్? నన్నడిగితే కొన్నది ఇయ్యొద్దండి. మీ చేత్తో ఏదన్నా చేసియ్యండి. ఒక గ్రీటింగ్ కార్డో, చిన్న పెయింటింగో. హ్యాండ్‌మేడ్‌కి ఉండే వాల్యూ వీటికి యాడ వస్తాది?"

"ఏమప్పా, అంగడి పెట్టుకోని కొనొద్దంటాండావే!"

"నిజం చెప్తాండా మేడమ్. చేత్తో చేసిందాంట్లోనే ప్రేమ ఉంటుంది."

నవ్వుతుందనుకున్నాడు. ఆమె ముఖంలో ఉన్న కాస్త నవ్వూ పోయింది.

"నేను ఆరో తరగతికి పోతాంటే మా యమ్మ స్కూలు బ్యాగు చేత్తోనే కుట్టిచ్చింది. యూరియా గోతంతో. క్లాసంతా నన్ను యూరియా అనే పిలిచినారు, మూడేండ్లు. నా లంగా హ్యాండ్‌మేడు, కప్పుకునే బొంత హ్యాండ్‌మేడు, చెప్పు తెగితే పిన్నీసు పెట్టేది గూడా హ్యాండ్‌మేడే. ప్రేమ లేకనా? ఉంది. దుడ్లే లేవు. అంగట్లో కొని, రంగు కాగితం చుట్టి, రిబ్బన్ కట్టిన వస్తువు ఒక్కసారన్నా మా యమ్మ చేతిలో పెట్టల్లని పుంగనూరు నుంచి బస్సెక్కి వచ్చినా. నువ్వేమో ఉపన్యాసం ఇస్తాండావు."

నీలం గొడుగు మళ్లీ విచ్చుకుని, వానలో కలిసిపోయింది.

ఆమె మెడలో వేలాడిన ఐడీ కార్డు మాత్రం శేఖర్ కళ్లముందే ఉంది. మమత. డిజిటల్ అసిస్టెంట్. కింద పుంగనూరులో ఒక వార్డు సచివాలయం పేరు.

మరునాడు ఆ సచివాలయంలో మమత ముందు పెద్ద క్యూ ఉంది. అందరూ ముసలివాళ్లే. మధ్యలో శేఖర్. ఆమె చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. అతనూ తొందర పడలేదు. ఒక్కొక్కరి కాగితం ఆమె గట్టిగా చదివి వినిపించడం, వినబడని వాళ్లకు రెండోసారి చెప్పడం, ఒక తాత వణికే వేలిని నెమ్మదిగా వేలిముద్ర మిషను మీద పెట్టించడం, అన్నీ చూశాడు. నిన్న అందంగా ఉందనుకున్నాడు. ఇవాళ ఇంకేదో అనుకోవాలనిపించింది, మాట దొరకలేదు.

అతని వంతు వచ్చింది.

"ఏం సర్వీసు కావల్ల?" అంది మమత తల ఎత్తకుండా.

"సారీ చెప్పే సర్వీసు ఉండాదా మేడమ్?"

"ఆధార్ తెచ్చినావా?"

తీసి బల్ల మీద పెట్టాడు. మమత పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంది.

వెనక నిలబడ్డ గోవిందమ్మ అనే ముసలావిడ విసుక్కుంది. "ఆ పిల్లోని పనేందో సూసి పంపు తల్లీ. కాళ్లు పీకతా ఉండాయి."

"నా పని ఒక్క నిమిషమే అవ్వా," అని శేఖర్ మమత వైపు వంగాడు. "నాకు చిన్నప్పటి నుంచీ అన్నీ అంగడి గిఫ్టులే. పుట్టినరోజు వస్తే మా నాయన షెల్ఫులో అమ్ముడుపోనిది ఒకటి తీసి, స్టిక్కరు పీకి ఇచ్చేవాడు. పదేండ్లు వచ్చేసరికి నా దగ్గర ఆరు అలారం గడియారాలు. అందుకే చేత్తో చేసిందంటే నాకు ఆశ. నీ సంగతి తెలీక నోరు జారినా. తప్పు నాదే."

"ఆరు గడియారాలా?"

"ఆరూ ఒకేసారి మోగేవి. అయినా లేచేవాణ్ణి కాదు."

మమత ఈసారి నవ్వు ఆపుకోలేదు. గోవిందమ్మ కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ సాయంత్రం నుంచి వాట్సాప్‌లో అమ్మ గిఫ్టు కోసం వెతుకులాట మొదలైంది. శేఖర్ మిక్సీ ఫొటో పంపాడు. "పని చేసి చేసి అలిసిపోయిన మనిషికి ఇంకో పని ఇయ్యమంటావా?" అని జవాబు వచ్చింది. కుట్టు మిషను పంపాడు. "ఇంగా కుట్టల్లనా మా యమ్మ?" అంది. దేవుడి పటం పంపితే, "అమ్మకు అడుగుతాంటే దేవునికి ఇస్తాండావే," అంది. చివరికి శేఖరే ఓడిపోయి అడిగాడు. "మీ యమ్మకు ఏమిష్టం?"

చాలాసేపటికి వచ్చింది జవాబు. "తెలీదు. ఎప్పుడడిగినా ఏమొద్దంటుంది. ఇంతవరకూ తనకంటూ ఏదీ అడగలేదు."

ఆ మాట చదివాక శేఖర్ ఫొటోలు పంపడం మానేశాడు. "ఆదివారం నీరుగట్టువారిపల్లెకు రా. పట్టుచీర నేసే చోటే చూద్దాం," అని రాశాడు.

ఆదివారం అక్కడ నేతపనివాడు రామప్ప ఇంట్లో మగ్గం టకటకలాడుతోంది. ముదురు ఆకుపచ్చ చీర, కనకాంబరం రంగు అంచు. రామప్ప కాళ్లు గుంటలో ఆడుతుంటే చేతులు దారాన్ని అటూ ఇటూ పరుగెత్తిస్తున్నాయి. చీర వేలెడు పెరగడానికి ఎంతసేపు పడుతుందో మమత కన్నార్పకుండా చూసింది.

"ఒక్క చీరకు ఎన్ని రోజులు పడతాది మామా?"

"నాలుగు రోజులమ్మా. ఈ వాన ముసురుకు దారం బిగుసుకుంటే ఐదు."

బయటికి వచ్చి ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు.

"అంగట్లో మడిచి పెట్టిన చీర చూస్తే మిషన్లోంచి వచ్చిందనే అనుకుంటి," అంది మమత. "ఇది గూడా చేతుల పనే. కాకపోతే ఈయన చేతికి కూలి ఉండాది. మా యమ్మ కుట్టిన దానికి ఎవురూ కూలి ఇయ్యలేదు. నా కోపం చేత్తో చేసిందాని మీద కాదేమో శేఖర్. ఉత్తగా చేయించుకున్నందుకేమో."

శేఖర్ నడక ఆగిపోయింది. "నేను ఇన్నేండ్లుగా గిఫ్టులు అమ్ముతాండా. ఈ మాట నాకు ఎప్పుడూ తోచలేదు," అన్నాడు.

"అంత గొప్పగా చూడొద్దులే, నడువు. బస్సు పోతాది," అంది ఆమె, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

పండగకు రెండు రోజుల ముందు మమత, రామప్ప దగ్గర కొన్న ఆ ఆకుపచ్చ చీర తీసుకుని షాపుకు వచ్చింది, కాగితం చుట్టించుకోవడానికి. శేఖర్ తన దగ్గరున్న వాటిలో మంచి బంగారు రంగు కాగితం తీశాడు. అంతకుముందే ఎవరో పాప పుట్టినరోజుకని ఒక బొమ్మను అదే కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. రిబ్బన్ కడుతూ అతను ముడి వైపు చూడాలి. మమత వైపు చూశాడు. ఆమె చేతికి ఒక పొట్లం ఇచ్చాడు. అది బొమ్మది.

మరునాడు పొద్దున్నే పుట్టినరోజు పాప తండ్రి వచ్చి పొట్లం నొక్కి చూశాడు. "బొమ్మ ఇంత మెత్తగా ఉండాదేమప్పా?"

శేఖర్‌కి పొట్లాలు మారిపోయాయని అర్థమైంది. ఆయనకు షెల్ఫులోంచి ఇంకో బొమ్మ చుట్టిచ్చి, ఫోను తీశాడు.

"మమతా, పెద్ద తప్పు జరిగిపోయింది."

"తెలుసు," అంది మమత గుసగుసగా. "రాత్రి ఊరికి రాంగానే ఇచ్చేసినా. పండగ దాకా ఆగలేకపోయినా. విప్పితే గౌనేసుకున్న బొమ్మ. నొక్కితే పాట పాడుతా గిరగిరా తిరుగుతాది."

"అయ్యో! అమ్మ ఏమన్నారు?"

"రెండు చేతుల్తో పట్టుకోని కూర్చునింది. చిన్నప్పుడు రెడ్డోళ్ల పాప దగ్గర ఇట్లాంటి బొమ్మ చూసినా, తాకనీలేదు అనింది. పొద్దున్నుంచీ వీధిలో అందరికీ చూపిస్తాండాది, నా కూతురు కొనిచ్చిందని. ఇది పొరపాటున వచ్చిందని నేను యా నోటితో చెప్పల్ల?"

"చెప్పొద్దు. నేను కుప్పానికి చీర తెస్తాండా."

ఇంట్లో శేఖర్ తల్లి రత్నమ్మ అడ్డం వచ్చి ఇంత వానలో ఎక్కడికని అడిగింది. శేఖర్ ఉన్నది ఉన్నట్టు చెప్పేసి, బండి తీశాడు.

పుంగనూరు దాకా వాన. వెంకటగిరికోట దగ్గర ఎండ. కుప్పం చేరేసరికి మళ్లీ వాన. బస్టాండు ముందు నీలం గొడుగు కింద మమత నిలబడి ఉంది. వాళ్ల ఊరు అక్కడి నుంచి రామకుప్పం పోయే దారిలో ఉంది.

"కొరియర్లో పంపుంటే సరిపోయేది గదా," అంది అతని తడిసిన జుట్టు చూస్తూ.

"పంపొచ్చు. కానీ నువ్వు కొరియర్ పిల్లోనికి కనబడతావు. నాకు కనబడవు గదా."

మమత గొడుగు అతని తల మీదికి కొంచెం జరిపింది. సగం తను తడిసింది.

"బండెక్కుతా పద. మాటలాపి ముందర దారి చూడు. రాత్రి అడివిలోంచి ఏనుగులు దిగినాయి, రోడ్డంతా మట్టి."

రాగి చేల మధ్య చిన్న మిద్దె ఇల్లు. మమత వాళ్లమ్మ తిమ్మక్క వాకిట్లోనే ఉంది. సన్నటి మనిషి, పొలం పనిలో మొరటుబారిన చేతులు. లోపల టీవీ మీద బొమ్మ మహారాణిలా నిలబడి ఉంది.

"ఎవురమ్మా ఈ అబ్బి?"

"బొమ్మ కొన్న అంగడాయనమ్మా," అంది మమత.

శేఖర్ దారి పొడుగునా తయారు చేసుకున్న మాట ఒక్క గుక్కలో చెప్పేశాడు. "పండగ ఆఫరమ్మా. బొమ్మ కొంటే చీర ఫ్రీ. నిన్న ఇయ్యడం మరిచిపోతిమి."

తిమ్మక్క వాళ్లను లోపలికి పిలిచి, అతనిచ్చిన పొట్లం విప్పింది. చీర మీద బొటనవేలితో మెల్లగా రాసి చూసింది. అంచు తిప్పి లోపలి వైపు కూడా చూసింది. సూది పట్టిన చేయి కదా, పనితనం తెలుసు.

"ఎవురో మంచి పనోడు నేసినాడు," అంది. "బొమ్మకు పట్టుచీర ఫ్రీయా? యాడుండాదప్పా ఆ అంగడి? మా వీధి వీధంతా వస్తాము."

శేఖర్ మమత వైపు చూశాడు. మమత పైకప్పు వైపు చూసింది.

"సీర ఫ్రీగా ఇచ్చే అంగడోడు, మదనపల్లె నుంచి ఇంత వానలో తడిసి వచ్చినాడు. సీర కోసరమేనా నాయనా?"

"కాదమ్మా," అన్నాడు శేఖర్. అబద్ధాలు అక్కడితో అయిపోయాయి. "చీర అయితే ఇంకొకరితో పంపుండొచ్చు. మమత అంటే నాకు ఇష్టం. అంత మంచి మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. అది మీకు చెప్పడానికి గూడా వచ్చినా."

తిమ్మక్క కూతురి వైపు తిరిగింది. మమత తల దించుకోలేదు.

"నాకూ ఇష్టమేనమ్మా."

తిమ్మక్క చీరను జాగ్రత్తగా మడిచి బొమ్మ పక్కన పెట్టింది.

"మేము కూలోళ్లము అప్పా," అంది తిమ్మక్క నెమ్మదిగా. "మీరు అంగడి ఉండేటోళ్లు. మీ ఇంట్లో ఏమంటారో. నా బిడ్డను ఎవురూ ఒక మాట అనగూడదు."

"మా యమ్మకు పొద్దున్నే అంతా చెప్పినా. లోపలికి పోయి ఇది కట్టిచ్చింది." జర్కిన్ లోపలి నుంచి ఒక స్టీలు డబ్బా తీశాడు. "ఆ పిల్ల వాళ్లమ్మ దగ్గరికి ఉత్త చేతుల్తో పోవద్దు అనింది."

తిమ్మక్క మూత తీసింది. పండగకు చేసిన మురుకులు. ఒకటి విరిచి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలింది. శేఖర్, మమత ఆమె ముఖమే చూస్తున్నారు.

"మురుకుల్లో ఉప్పు సాలదు," అంది తిమ్మక్క. "మీ యమ్మకు సెప్పు."

"అట్లే చెప్తానమ్మా."

"వద్దులే," అంది ఆమె, ఇంకొకటి తీసుకుంటూ. "పండగ కానీ. నేనే వచ్చి సెప్తా."