ఒడ్డు కుర్చీ

ధర్మారావు ఆ ఉదయం నాలుగోసారి చనిపోయాడు.

విశాలాక్షి టీ గ్లాసు పక్కన పెట్టి, తెర మీది మంటను తుడిచేసి, బావిని మళ్లీ బురదతో నింపి, అతన్ని మళ్లీ లేపింది. డ్రిల్లరు గదిలో నీడమనిషి కళ్లు తెరిచాడు. అలవాటుగా మెడ అటూ ఇటూ విరుచుకున్నాడు. మీటర్ల వంక చూసి, మైకు దగ్గరికి వంగాడు.

"ఒడ్డూ, బావి తన్నుతోందండి. కత్తెరమూత వేసెయ్యమంటారా?"

ఒడ్డునుంచి అనుమతిచ్చే అధికారి కూర్చోవాల్సిన ఒడ్డు కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో మనిషి ఎప్పుడూ లేడు. ఆ కుర్చీ తరఫున మాట్లాడే పెట్టె ఒకటి, అడిగీ అడగగానే, "వేసెయ్యి" అంది.

ధర్మారావు చెయ్యి మూత వేసే మీట మీదికి లేచి గాలిలో ఆగిపోయింది. ఆరు నిమిషాలు అలాగే ఉండిపోయింది. మొహంలో భయం లేదు, ఆలోచనా లేదు. ఎవరో వెనకనుంచి మోచెయ్యి పట్టుకున్నట్టు నిలబడి, ఆ తర్వాత మీట లాగాడు. అప్పటికి గ్యాసు పైకి తన్నుకొచ్చేసింది. ఐదోసారి కూడా వేదిక కాలిపోయింది.

"సరిపోయింది" అని తెర అడుగున ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. ఆ అక్షరాలను చూసినప్పుడల్లా విశాలాక్షికి ఒళ్లు మండిపోతుంది.

నడిసముద్రంలో గ్యాసు బావి తవ్వుతున్న గౌతమి-ఏడు వేదిక నిరుడు నిజంగానే కాలింది. డ్రిల్లరు పెసింగి ధర్మారావు, అతనితో పాటు మరో పదిమంది పోయారు. సముద్రంలోనైనా ఒడ్డు గదిలోనైనా పనికి చేరిన ప్రతివాడి నుంచీ మొదటి రోజునుంచే నీడ తీస్తారు. డ్యూటీలో చేసిన ప్రతి నిర్ణయమూ అందులోకి చేరుతుంది. ఇంటి సంగతులు చేరవు. అలాంటి నీడల్ని లేపి, జరిగిన ప్రమాదాన్ని మళ్లీ మళ్లీ జరిపించి, తప్పెక్కడుందో తేల్చడానికి ప్రభుత్వం ఈ తీర భద్రతా పరిశోధన సంస్థను పెట్టింది. పునర్ఘటన ఇంజినీరుగా విశాలాక్షి పని అదే.

బావి తన్నిన క్షణానికీ మీట లాగిన క్షణానికీ మధ్య ఆరు నిమిషాలు గడిచాయని వేదిక తాలూకు నల్లపెట్టె చెప్పింది. ఆ ఆరు నిమిషాల్లో ఒడ్డు గదిలో ఎవరేం మాట్లాడారో మాత్రం వ్యాపార రహస్యమని వేదికని నడిపే కంపెనీ ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోనీలే అని సంస్థ కూడా ఊరుకుంది. బదులుగా ఆదర్శ ఒడ్డును తయారుచేసుకుంది. ఆదర్శ ఒడ్డు తడుముకోదు, పైవాళ్లని అడగదు, నష్టం లెక్కపెట్టదు. మరి ఆ ఆరు నిమిషాలు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ధర్మారావు నెత్తిన పెట్టారు. నల్లపెట్టె లెక్కతో కుదిరి తెర "సరిపోయింది" అనేదాకా అతని సంకోచ గుణకాన్ని పెంచుకుంటూ పోయారు. బతికున్నన్నాళ్లూ తీసిన నీడలో అతని సంకోచం సున్నాకి దగ్గర. చచ్చాక మనిషిని పిరికివాణ్ణి చేశారు.

ఇది అన్యాయమని విశాలాక్షి ఏడాదిగా రాస్తూనే ఉంది. రాసిన ప్రతిసారీ "పరిధిలో లేదు" అని తిరిగొచ్చింది. జనం పన్నుల డబ్బుతో నడిచే చోట నిజానికి పరిధి గీసిందెవరో ఎవరూ చెప్పరు.

ఈరోజు ఆఖరి సమీక్ష. కమిటీ ఒప్పుకుంటే, ప్రమాదానికి కారణం డ్రిల్లరు సంకోచమని తేలిపోతుంది. వెంటనే హస్తరహిత నియమం మీద సంతకాలు పడతాయి. ఆపైన సముద్రం మీద ఏ వేదికలోనూ మీట ఉండదు. బావిని మూసే అధికారం మొత్తం ఒడ్డుకే. కాలిపోయేవాడి చేతిలోంచి తీసి, ఏసీ గదిలో కూర్చున్నవాడి చేతిలో పెట్టడమన్నమాట.

సమీక్ష హాలు వసారాలో సత్యవేణి నిలబడి ఉంది. ధర్మారావు భార్య. కుటుంబం తరఫున ఒకరు ఉండాలన్న నిబంధన కోసం ఆమెను జగన్నాథపురం నుంచి పిలిపించారు. విశాలాక్షిని చూసి దగ్గరికొచ్చింది.

"మాయన నిజంగానే అలా నించుండిపోయాడామ్మా? మీట లాగడానికి భయపడే మనిషి కాదండి ఆయన. మా వీధిలో అందరూ, పదిమందిని పొట్టన పెట్టుకున్నాడంటన్నారు. మా పెద్దపిల్ల ఆ మాటలు పడలేక బడికెళ్లనంటంది."

విశాలాక్షి హాలు తలుపు తెరిచి పట్టుకుంది. "లోపలికి రండి. ముందు వరసలో కూర్చోండి" అంది.

హాల్లో పునర్ఘటన నడిస్తే అది నడుస్తూనే జాతీయ రికార్డుల కోశంలోకి చేరుతుంది. తర్వాత చెరపడం ఎవరి తరమూ కాదు. అది నడుస్తుండగా ఏ నియమం మీదా సంతకం చెల్లదు కూడా. ముగియాలంటే వేదికైనా కాలాలి, ఇంజినీరైనా తాళం తిప్పాలి. వేదిక కాలకుండా ఉండే సందర్భం ఒకటి రావచ్చని ఆ నిబంధనలు రాసినవాళ్లకి తట్టినట్టు లేదు.

డైరెక్టర్ పురుషోత్తం తెర ముందు నిలబడి, ఆరోసారి చనిపోయిన ధర్మారావుని కమిటీకి చూపించాడు. ఇక్కడికి రాకముందు ఆయన చాలా ఏళ్లు కంపెనీ ఒడ్డు గదికి అధిపతి. గాలిలో ఆగిన చేతిని చూసి సత్యవేణి తల దించుకుంది.

కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఒడ్డునుంచి జవాబు నిజంగా ఇంత తొందరగా వస్తుందా?"

"రాకేం సార్? నేనే ఆ కుర్చీలో ఉండి ఉంటే ఇంతకన్నా తొందరగా చెప్పేవాణ్ణి" అన్నాడు పురుషోత్తం నవ్వుతూ.

విశాలాక్షి ఆ నవ్వునే చూస్తోంది. ఏడాదిగా కడుపులో పెట్టుకున్నదంతా ఆ నవ్వుతో పైకొచ్చింది.

"మీ నీడ కోశంలో ఉంది కదండీ. కూర్చోబెట్టమంటారా?"

పురుషోత్తం నవ్వు ఆగింది. "అది మన పరిధిలో..."

"కూర్చోబెట్టండి. చూద్దాం" అన్నాడు అధ్యక్షుడు.

విశాలాక్షి ఆదర్శ ఒడ్డును తీసేసింది. ధర్మారావుకి అతని సంకోచాన్ని, బతికున్నప్పటిదాన్ని, తిరిగి ఇచ్చింది. ఒడ్డు కుర్చీలో పురుషోత్తం నీడ వచ్చి కూర్చుంది.

"ఒడ్డూ, బావి తన్నుతోందండి. కత్తెరమూత వేసెయ్యమంటారా?"

"ఆగు. మీటరు తప్పు చూపిస్తోందేమో చూడు" అంది నీడ.

"అన్నీ ఒకటే చెప్తన్నాయండి."

"ఆ మూత పడితే పైపు తెగుతుంది. బావి నెలల తరబడి పనికిరాదు. తమాషా అనుకుంటున్నావా? లైన్లో ఉండు, పైవాళ్లతో మాట్లాడతాను."

లైను మూగబోయింది. ధర్మారావు చెయ్యి మీట పక్కనే ఉంది. అతను పిలుస్తున్నాడు. "అయ్యా, బురద వెనక్కొచ్చేస్తందండి." జవాబు లేదు. "అయ్యా, కుర్రోళ్లు పైన ఉన్నారండి." చివరికి నీడ పలికింది. "ఆగమన్నానా లేదా? మీటింగులో ఉన్నారు, కనుక్కుంటున్నాను."

ధర్మారావు ఇంకోసారి మీటరు చూశాడు. ఇక ఎవర్నీ అడక్కుండా మీట లాగేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. వేదిక కాలింది. తెర అడుగున ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. సరిపోయింది.

సత్యవేణి తలెత్తింది. ఆమె కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఇది అన్యాయం. ఏం జరగబోతోందో నా నీడకి తెలీదు. ఎవరైనా అలాగే ఆగుతారు" అన్నాడు పురుషోత్తం.

"ధర్మారావుకీ తెలీదు కదండీ. అతను ఆగలేదు. మీరు ఆపారు" అంది విశాలాక్షి.

సత్యవేణి లేచి నిలబడింది. "ఆ కుర్చీలో నేను కూకోవచ్చామ్మా?"

"ఆవిడకి జరిగిందేమిటో ముందే తెలుసు. అది పరీక్ష ఎలా అవుతుంది?" పురుషోత్తం గొంతు పెంచాడు.

"ఇప్పుడు మీకూ తెలుసు కదండీ. తెలిసే రాయండి ఆ నియమం" అంది విశాలాక్షి.

ఒడ్డు కుర్చీ వెనక్కి లాగింది. సత్యవేణి కూర్చుని మైకు దగ్గరికి వంగింది. తెర మీద ధర్మారావు కళ్లు తెరిచాడు. మెడ అటూ ఇటూ విరుచుకుంటుంటే ఆమె మైకు వదిలి తెర వంక చూసింది. ఆ విరుపు ఆమెకి తెలుసు.

"ఒడ్డూ, బావి తన్నుతోందండి. కత్తెర..."

"మూసెయ్యి" అంది సత్యవేణి. "ఎవర్నీ అడగొద్దు. మూసెయ్యి."

అతని చెయ్యి ఎక్కడా ఆగలేదు. మీట పడింది, పైపు తెగింది. మీటరు ముల్లు కాసేపు పైనే ఊగి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. మంట రాలేదు. ఏడాదిగా నడిపిన ఇన్ని వేలసార్లలో ధర్మారావు ఎన్నడూ రాని చోటికి వచ్చి, చేతి వెనక భాగంతో మెడ తుడుచుకున్నాడు. తెర అడుగున ఏ అక్షరాలూ లేవు. అక్కడ ఏం చూపించాలో యంత్రానికి తెలీదు.

"ఆయ్, మూసేశానండి. కుర్రోళ్లందరూ బానే ఉన్నారండి. ఇప్పుడేం చెయ్యమంటారు మేడం?"

నీడలో ఇల్లు లేదు. ఎదురుగా ఉన్నది ఎవరో అతనికి తెలీదు. సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాలు. ఆపెయ్యండి. సంతకాలకి టైమవుతోంది" అన్నాడు పురుషోత్తం.

విశాలాక్షి బల్లకున్న తాళంచెవి చూసింది. తిప్పితే ఆగిపోతుంది. ధర్మారావు ఎనిమిదోసారి పోతాడు, ఈసారి తన చేతిలో. తాళంచెవి ఊడబెరికి గుప్పిట్లో పెట్టుకుంది.

"వేదిక కాలలేదు కదండీ. ఎలా ఆపను?"

"ఉద్యోగం పోతుంది, తెలుస్తోందా?"

"తెలుస్తోందండి."

అధ్యక్షుడు తన ముందున్న నియమం ప్రతిని కాసేపు చూశాడు. "నడుస్తుండగా సంతకం చెల్లదు కదా" అని కలానికి మూత పెట్టాడు.

తెర మీద ధర్మారావు ఇంకా ఎదురు చూస్తున్నాడు. "మేడం, లైన్లో ఉన్నారా అండి?"

సత్యవేణి కళ్లు తుడుచుకుని మైకు దగ్గరికి లాక్కుంది.

"ఉన్నాను. చెప్పు."