పండిపోని దొండకాయలు

"చూడండి, ఇది పోయిన ఏడాది జనవరిలో కోసిన టమాటా" అంటూ డాక్టర్ కోటిరత్నం దాన్ని కత్తితో రెండు చేసింది. రసం బల్ల మీదికి చిమ్మింది. ల్యాబ్‌లో నిలబడ్డ టీవీవాళ్ళు చప్పట్లు కొట్టారు. పదహారు నెలల టమాటా నిన్న సాయంత్రం తెంపినట్టుంది.

ఇందులో మాయేమీ లేదు. మామూలు ఫ్రీజర్‌లో కాయలోని నీరు నెమ్మదిగా గడ్డకడుతుంది. మంచు పలుకులు పెద్దవై కణాల గోడల్ని చీల్చేస్తాయి. అందుకే బయటికి తీశాక కూరగాయ మెత్తబడి నీళ్ళోడుతుంది. వేడినీళ్ళలో రెండు నిమిషాలు ముంచి, చల్లార్చి, తడి తుడిచి, కవర్లలో కట్టి దాచుకున్న ఇల్లాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అంత పాటుపడీ చివరికి తినేది పీచే. రత్నం చేసిన పెట్టెలో ఒక అయస్కాంత క్షేత్రం నీటి అణువుల్ని కుదురుగా ఉండనివ్వదు. మైనస్ పన్నెండు డిగ్రీలదాకా నీరు నీరుగానే ఉంటుంది. అప్పుడా క్షేత్రాన్ని ఆపేస్తే కాయంతా ఒకేసారి గడ్డకడుతుంది. పలుకులు పిండిలా సన్నగా ఏర్పడతాయి, గోడలు చీలవు. కంపెనీ దానికి నోరు తిరగని పేరేదో పెట్టింది గానీ జనం "పచ్చిపెట్టె" అన్నారు, అదే నిలిచింది.

మూడేళ్ళు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి రత్నం తెనాలిలోని తన ఇంటికి వచ్చింది. వీధిలో ప్రతి ఇంట్లోనూ పచ్చిపెట్టె ఉంది. గర్వంగా అనిపించింది, ఎందుకనిపించదు? పెరట్లో దొండపాదు విరగకాసింది. అత్తగారు వెంకాయమ్మ కోసినవి కోసినట్టే పెట్టెలో వేస్తోంది.

"పక్కింటి సులోచన టీచరుగారికి పంపలేదా అత్తయ్యా?" అని అడిగింది రత్నం.

"ఇదివరకు పంపేదాన్ని. రేపటికి పండిపోతాయి, కాస్త వండి పడేయండి అనేదాన్ని. ఇప్పుడేమని చెప్పి పంపను? నీ పెట్టె పుణ్యమా అని ఏదీ పండదు, ఏదీ వాడదు. వీధిలో అందరిదీ అదే వరస." వెంకాయమ్మ గొంతు తగ్గించింది. "ఆవిడ రోజూ మజ్జిగన్నమేనట. బాగా చిక్కిపోయింది."

సులోచన టీచరు రత్నానికి తొమ్మిదో తరగతిలో సైన్స్ చెప్పింది. ప్రైవేటు బడి, పింఛను లేదు, నా అన్నవాళ్ళూ లేరు. ఎవరినీ నోరుతెరిచి అడిగే మనిషి కాదు. ఆ వీధివాళ్ళూ ఆవిడకు ఎప్పుడూ దానంగా ఇవ్వలేదు. పాడైపోయేవాటిని వదిలించుకుంటున్నట్టు నటించేవాళ్ళు. ఆవిడేమో వాళ్ళకు సాయం చేస్తున్నట్టు పుచ్చుకునేది. ఇరవై ఏళ్ళు ఆవిడ ఇంట్లో కూర అలా ఉడికింది. ఈ ముక్క మన డాక్టరుగారి ఏ నోటుబుక్కులోనూ లేదు.

రత్నం ఆ పూటే బుట్ట నింపుకుని వెళ్ళింది. అంత చదువుకున్న మనిషి, అక్కడ అనకూడని మాటే అంది.

"మీకోసం తెచ్చాను టీచర్. మీరు సరిగ్గా తినడం లేదట."

టీచరు ముఖం ముడుచుకుపోయింది. "నాకేం లోటమ్మా? పెట్టెలో పడేస్తే ఏడాదైనా చెక్కుచెదరవని నువ్వే కదా టీవీలో చెప్పావు. దాచుకో. నాకు వంటయిపోయింది."

గుమ్మంలోంచి పొయ్యి కనిపిస్తూనే ఉంది. దాని మీద గిన్నె లేదు. రత్నం తలవంచుకుని వెనక్కి వచ్చింది. ఆకలితో ఉన్న మనిషికి ఆ ఆకలినే ఎత్తిచూపి వచ్చానే అని సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆ పూట తనకూ ముద్ద దిగలేదు.

వారం రోజులు ల్యాబ్‌లో కూర్చుని, పది కిలోలు దాటితే "ఇక పట్టదు" అని తలుపు బిగించుకునే సర్క్యూట్ ఒకటి గీసింది. కూరగాయల్ని వాడిపోనివ్వడానికి ఇంత కష్టపడిన సైంటిస్టు లోకంలో ఇంకొకరుండరు. కంపెనీవాళ్ళు ఆ కాగితం చూసి నవ్వి పక్కన పెట్టారు.

ఆదివారం పొద్దున్నే రత్నం మళ్ళీ పక్కింటి గుమ్మంలో నిలబడింది.

"మా పెట్టె పాడైంది టీచర్. కాయలు రేపటికి పండిపోతాయి. మీరు కాస్త వండుకుంటే..." అంటూ బుట్ట ముందుకు చాపింది.

టీచరు బుట్ట వంక చూడలేదు, రత్నాన్నే చూసింది. హోంవర్కు పుస్తకం ఇంట్లో మర్చిపోయానన్న పిల్లను చూసినట్టు చూసింది.

"నువ్వు చేసింది పాడవదు" అంది.

రత్నానికి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "క్షమించండి టీచర్. నాకు ఇంకో దారి తోచలేదు."

"తెలుసులే. అలా నిలబడకు, చూడలేను. బుట్ట అక్కడ పెట్టు. ఎవరైనా అడిగితే పెట్టె పాడైందనే చెబుతాను. నువ్వూ అదే చెప్పాలి మరి."

ఆ మధ్యాహ్నం పక్కింట్లోంచి దొండకాయ వేపుడు వాసన వచ్చింది.

మూడోనాడు కంపెనీ నుంచి ఫోన్. "మేడమ్, మీ సొంత పెట్టే పాడైందని తెనాలంతా చెప్పుకుంటున్నారట. బుక్ చేసినవాళ్ళు వద్దంటున్నారు. అది అబద్ధమని టీవీలో ఒక్కమాట చెప్పండి చాలు."

వంటింట్లో పెట్టె నిక్షేపంగా పనిచేస్తోంది. కిటికీ అవతల సులోచన టీచరు అరుగు మీద కూర్చుని, ఎదురింటావిడతో "పాపం మంచి పిల్లే. చేసింది నిలవలేదు" అంటోంది.

"అబద్ధం కాదండీ" అంది రత్నం ఫోన్‌లో. "నేను చేసింది పాడైంది. అలాగే రాసుకోండి."