చివరి గది గడియ

కొండ మీది ఆ గెస్ట్‌హౌస్‌లో చివరి గది ఎవరికీ ఇవ్వరు. అడిగినవాళ్ళకి పైకప్పు కారుతోందని చెబుతారు. కారదు. ముసురు పట్టిన రోజుల్లో కూడా ఆ గది నేల పొడిగానే ఉంటుంది. అసలు సంగతి కొండ కింద టీ కొట్టు దగ్గర చెబుతారు — రాత్రి గాలి మొదలయ్యాక ఆ గది తలుపు లోపలి నుంచి ఎవరో కొడతారట. దబదబా కాదు. లోపల ఇరుక్కుపోయిన మనిషి, పక్క గదుల్లో వాళ్ళ నిద్ర చెడగొట్టడం ఇష్టం లేనట్టు... మెల్లగా.

ఈ మాట టైలరు చెవిన పడింది కొండ ఎక్కుతున్న కారులో. చెప్పింది అద్దెకారు డ్రైవరు. చెప్పి, అద్దంలోంచి వెనక సీటు వైపు చూసి నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

"పోయినేడు ఎవరో పోయారట కదండీ, ఆ గదిలో?"

"మావాడే," అన్నాడు మందుల షాపాయన.

ఆ తర్వాత డ్రైవరు రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు.

ఒకప్పుడు వాళ్ళు నలుగురు. చిన్నప్పుడు ఒకే వీధిలో ఆడుకుని, పెద్దయ్యాక అదే వీధికి అటూ ఇటూ స్థిరపడిన స్నేహితులు. టైలరు, మందుల షాపాయన, కరెంటు పని చేసే పొడుగాయన, స్కూలు బస్సు నడిపే ఇంజను. ఇంజనుకి వేరే పేరు లేకపోలేదు, పెళ్ళి కార్డు మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. గురక తెచ్చిపెట్టిన పేరది. "బస్సుని షెడ్డులో పెట్టేసి శబ్దం మాత్రం ఇంటికి తెచ్చుకుంటాడీ మనిషి," అనేది అతని భార్య.

ఏడాదికోసారి నలుగురూ ఆ కొండకి వచ్చేవాళ్ళు. కారు ఇంజనే నడిపేవాడు. మిగతా ముగ్గురికీ అక్కడ పెద్ద పనేమీ ఉండేది కాదు, ఇంట్లో దొరకని నిద్ర పోవడం తప్ప. అందుకని ఇంజను పడక ఎప్పుడూ వరండా చివరి గదిలోనే. అతను మాత్రం అర్ధరాత్రి దుప్పటి భుజాన వేసుకుని వచ్చేసేవాడు. "ఒక్కడికీ తోచట్లేదురా," అంటూ వాళ్ళ మధ్య దూరేవాడు. తల వాల్చిన మరుక్షణం ఇంజను స్టార్టు.

పోయినేడు ఇంజను పడుకున్నాక టైలరు పిల్లిలా వెళ్ళి, ఆ గదికి బయట గడియ పెట్టి వచ్చాడు. సరదాకే. పొద్దున్న అందరికీ చెప్పి నవ్వించాలనుకున్నాడు. ఆ రాత్రి ముగ్గురికీ ఒళ్ళు తెలియని నిద్ర.

తెల్లవారుతుండగా టైలరే ముందు లేచి గడియ తీద్దామని వెళ్ళాడు.

గడియ తీసే ఉంది.

తోస్తే తలుపు తెరుచుకుంది. మంచం మీద ఇంజను వెల్లకిలా పడుకుని ఉన్నాడు, దుప్పటి మెడ దాకా కప్పుకుని. గురక లేదు.

నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు. అదృష్టవంతుడు, ఏమీ తెలియకుండా పోయాడన్నారు వచ్చినవాళ్ళు. గడియ సంగతి టైలరు ఎవరితోనూ అనలేదు. ఇంజను భార్య తన ముందు కూర్చుని ఏడుస్తున్నప్పుడూ అనలేదు. ఏడాది పొడుగునా కుట్టు మిషను ముందు కూర్చుంటే చాలు, ఒకటే ప్రశ్న... ఆ గడియ ఎలా ఊడింది? ఊపిరాడక లోపలి నుంచి బాది బాది, ఆ కుదుపులకి ఊడిందా? వాడు బాదుతుంటే తను నిద్రపోతున్నాడా?

ఇప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియని డ్రైవరు జవాబు చెప్పాడు. వాడు తలుపు కొడుతున్నాడట. ఇంకా.

ఆ రాత్రి ముగ్గురూ పెద్ద గదిలో పడుకున్నారు. దీపం ఆర్పాక చాలాసేపు ఎవరూ కదల్లేదు.

"వాడుంటే ఈపాటికి మూడో గేరులో ఉండేవాడు," అన్నాడు పొడుగాయన చీకట్లోంచి.

"నోరు మూసుకుని పడుకోరా," అన్నాడు మందుల షాపాయన. తిట్టులా మొదలైన మాట చివరికొచ్చేసరికి వణికింది.

కిటికీ అద్దాల మీద గాలి.

తర్వాత —

టక్.

టైలరు దుప్పటి పక్కకి తీశాడు.

టక్... టక్.

లేచాడు. చెప్పులు వేసుకోలేదు. వరండా గచ్చు మంచులా ఉంది. ఒక్కో గది దాటుతుంటే చప్పుడు దగ్గరవుతోంది. నిజమే... మెల్లగా, మొహమాటంగా. చివరి తలుపు దగ్గర ఆగి, చీకట్లో గడియ కోసం తడిమాడు. చేతికి చెక్క తగిలింది. మరలు ఊడదీసిన చిల్లులు తగిలాయి. గడియ తగల్లేదు.

టక్.

"తీస్తున్నానురా," అన్నాడు గుసగుసగా. "ఒరేయ్... తీస్తున్నా."

"దానికి గడియ లేదు బాబూ. తోస్తే వస్తుంది."

టైలరు గిరుక్కున తిరిగాడు. మాట లోపలి నుంచి రాలేదు, వెనక నుంచి వచ్చింది. మెట్ల మీద కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు, గెస్ట్‌హౌస్ కాపలా ముసలాయన.

"గడియ ఏమైంది?"

"నేనే పీకేశాను. మీరు ఆయన్ని కిందికి తీసుకెళ్ళిన రోజే. ఇంకెవరూ ఎవర్నీ లోపల పెట్టకూడదని. అది పోయాక ఈ తలుపుకి పట్టు లేదు, గాలి వస్తే కొట్టుకుంటుంది. జనం దెయ్యమన్నారు. పోనీలే, గదిలోకి ఎవరూ రారని ఊరుకున్నా."

టైలరు మెట్టు మీద కూలబడ్డాడు. "గడియ పెట్టింది ఎవరో తెలుసా నీకు?"

"తెలుసు. ఆయనే చెప్పారు."

"ఎవరు?"

"మీ ఇంజను బాబు." ముసలాయన తలుపు వైపు చూశాడు. "ఆ రాత్రి లోపలి నుంచి పిలిచారు. వెంటనే వచ్చి తీశాను. ఇక్కడే, మీరు కూర్చున్న చోటే కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. ఛాతీ రుద్దుకుంటుంటే, మీవాళ్ళని లేపనా అన్నాను. వద్దన్నారు. గ్యాసులే అన్నారు."

"లేపాల్సింది..."

"అన్నాను బాబూ. 'ఏడాదికోసారి నిద్రపోదామని వస్తారు పాపం. నా మూలంగా అదీ లేదు. ఇవాళైనా పడుకోనీ' అన్నారు. గడియ మా టైలరు గాడి పనే, ఇంకెవడికీ ఈ బుద్ధి పుట్టదు, అని ఒకటే నవ్వు. 'నువ్వు తీశావని వాడికి చెప్పకు. మళ్ళీ పెట్టెయ్. పొద్దున్న వాడొచ్చి తీసేదాకా లోపలే అఘోరించినట్టు నటిస్తా. వాడి సరదా మనమెందుకు చెడగొట్టాలి' అన్నారు." ముసలాయన కంబళి దగ్గరికి లాక్కున్నాడు. "చెప్పనని మాటిచ్చాను. కానీ గడియ పెట్టడానికి మనసొప్పలేదు. ఆయన పడుకున్నారు, గురక మొదలైంది. నేనూ పోయి పడుకున్నా."

ఏడాదిగా టైలరు గుండెల మీద కూర్చున్న బరువు దిగింది. దిగిన చోటే ఇంకొకటి ఎక్కి కూర్చుంది.

కాసేపటికి లేచి ఆ గదిలోకి వెళ్ళాడు. జేబురుమాలు మడతలు పెట్టి, తలుపు మూసి, సందులో కుక్కాడు. చప్పుడు ఆగింది. పరుపు లేని మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఒక్కడికీ తోచట్లేదురా," అన్నాడు పైకే.

చెవులు రిక్కించుకుని పడుకున్నాడు. గాలి వినిపించింది. ఎక్కడో పైపులో నీళ్ళు కదిలాయి. ఇంకేమీ లేదు. నల్లగా ఉన్న కిటికీ బూడిద రంగుకి తిరిగే వరకూ, బూడిద రంగు తెల్లబడే వరకూ అలాగే చూస్తూ ఉన్నాడు.

బయటికి వచ్చేసరికి మిగతా ఇద్దరూ వరండాలో టీ తాగుతున్నారు.

"ఒరేయ్ దుర్మార్గుడా," అన్నాడు పొడుగాయన, "నీకెప్పట్నుంచిరా ఈ జబ్బు?"

"ఏ జబ్బు?"

"గురక! వరండా మొత్తం అదిరిపోయింది. ముందు ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత చూస్తే నీ మంచం ఖాళీ. ఓహో, ఆ గదిలో దూరి తగలడింది వీడేననుకున్నాం."

మందుల షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"అచ్చం వాడిలాగే పెట్టావురా," అన్నాడు. "వాడు పోయాక నాకు సరిగ్గా నిద్ర పట్టింది రాత్రే."

టైలరు ఏదో అనబోయాడు. టీ గ్లాసు అందిస్తున్న ముసలాయన అతని మొహంలోకి చూశాడు.

"అలసిపోయానురా," అన్నాడు టైలరు, గ్లాసు అందుకుంటూ.

రాత్రంతా కన్ను మూయలేదని వాళ్ళకి చెప్పలేదు. తనకొక్కడికే ఆ గురక వినబడలేదని కూడా చెప్పలేదు.