స్టేజీ ఎక్కిన పెళ్ళిచీర

పెర్సిస్ కళ్ళు తెరిచేసరికి వంటింట్లోంచి ఉప్మా పోపు వాసనా, తల్లి కూనిరాగమూ కలిసి వచ్చాయి. సలోమమ్మ మెదక్ చర్చి క్వయిర్‌లో ఏళ్ళ తరబడి పాడుతోంది. ఏ పని చేస్తున్నా ఏదో ఒక కీర్తన పెదవుల మీద ఆడాల్సిందే. ముందు గదిలో తండ్రి వెస్లీ కెమెరా లెన్సు తుడుచుకుంటున్నాడు. మెయిన్ రోడ్డు మీద ఆయనకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలకు తప్ప అక్కడికి ఎవరూ పెద్దగా రారు. అయినా ఆయన రోజూ వెళ్ళి షట్టర్ తీస్తాడు.

వచ్చే శనివారం హైదరాబాద్‌లో పెర్సిస్ సొంత పేరు మీద మొదటి ఫ్యాషన్ షో. ఆ హడావుడిలో పడేముందు రెండు రోజులు అమ్మ చేతి తిండి తిందామని వచ్చింది.

చిన్నప్పుడు బడి వదలగానే పెర్సిస్ తండ్రి స్టూడియోకే పరుగెత్తేది. నల్లబట్ట వెలుగును ఎట్లా మింగేస్తుందో, జరీ అంచు ఎట్లా తిప్పికొడుతుందో అక్కడే చూసింది. హైదరాబాద్‌లో చదువుకుంటున్నప్పుడు కాలేజీ పండుగలో ఒక రాక్ బ్యాండును ఫోటోలు తీసింది. డ్రమ్స్ దెబ్బకు గుండెలు అదిరాయి. తీరా ఫోటోలు చూస్తే పాడేవాళ్ళ ముఖాలూ చేతులూ తప్ప ఇంకేమీ లేవు. నల్లచొక్కాలు చీకట్లో కలిసిపోయాయి. మరోసారి వాళ్ళు పాడేముందు గిటార్ వాయించే కుర్రాడి చొక్కా భుజం మీద వెండిజరీ గుడ్డపట్టీ ఒకటి కుట్టి, మళ్ళీ ఫోటో తీసింది. ఈసారి అతను చేయి విసిరినప్పుడల్లా ఫోటోలో మెరుపు పారింది. చేయాల్సిన పని ఏమిటో ఆమెకు ఆ రోజే తెలిసింది. ఇప్పుడు పేరున్న బ్యాండ్లు స్టేజీ బట్టల కోసం ఆమె దగ్గరికే వస్తున్నాయి.

సలోమమ్మ మాత్రం చర్చిలో ఎవరైనా అడిగితే "కుట్టుపని చేస్తది హైదరాబాద్‌ల" అని ఊరుకునేది.

కూనిరాగం ఆగిపోయింది. సలోమమ్మ ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోనుతో గదిలోకి వచ్చింది.

"గిదేంది బిడ్డా?"

క్వయిర్ గ్రూపులో ఎవరో 'మన పెర్సిస్ షో' అని పోస్టరు పెట్టారు. అందులో రిషిత అనే గాయని మైకు పట్టుకుని తల వెనక్కి విసిరి పాడుతోంది. ఒంటిమీద కోటులాంటి మీగడ రంగు జాకెట్టు, కాలర్ మీద వెండిపూల అంచు.

పెర్సిస్ లేచి కూర్చుంది. "అమ్మా, నేనే చెప్దామనుకున్న..."

"కాలర్ మీద గీ రఫ్ఫు మా అమ్మ చేసింది. పెండ్లిల కొవ్వొత్తి తగిలి కాలితే, ఆ చిల్లును రాత్రంత కూసోని పోగు పోగు అల్లి పూడ్చింది. ఇది నా పెండ్లిచీర."

ఆమె బీరువా దగ్గరికి నడిచింది. పై అరలో తెల్లగుడ్డ సంచీ ఉంది. తడిమి చూస్తే అందులో ఏమీ లేదు.

"నన్ను అడిగినవా?"

"నువ్వు మీటింగ్‌కని రామాయంపేట పోయినవ్ గదా. డాడీని అడిగిన, తీసి ఇచ్చిండు."

వెస్లీ గుమ్మం దగ్గరికి వచ్చాడు. "అవును సలోమీ, నేనే ఇచ్చిన. ఊకె బీరువాల పడి ఉన్నది, బిడ్డకు పనికొస్తదని..."

"చీర మీదా?"

ఆయన తల దించుకున్నాడు. తండ్రి ముఖం చూసేసరికి పెర్సిస్‌కు ఎక్కడలేని కోపం వచ్చింది.

"డాడీని ఎందుకంటవ్? ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న కట్టినవా ఆ చీర? పాత తెల్లపట్టు అట్ల మీగడ రంగు తిరిగితే లైట్ల కింద ఎంత బాగుంటదో తెలుసా నీకు? కొత్త బట్టకు ఆ రంగు రాదు. షో మొదలయ్యేదే దాంతోని. నీ చీరను వేలమంది చూస్తరు అంటే సంతోషపడాలె గని... అయినా నా పనిని నువ్వు ఎన్నడు పని అనుకున్నవ్? ఆ పాటలు మొత్తుకునుడు అంటవ్. ఆ బట్టలు చింపులు అంటవ్."

సలోమమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చింది. మంచం అంచున కూర్చుంది. గొంతు పెంచలేదు.

"కట్టలే, నిజమే. మా అమ్మ సచ్చిపోతే పెండ్లిచీరతోనే పెట్టెల పెట్టిన్రు. ఎంత మంచిగుండెనో మా అమ్మ! నన్ను గూడ గట్లనే సాగనంపాలె అనుకున్న. మీ డాడీ పక్కన నిలబడి దేవుని ముంగట మాట ఇచ్చిన చీర అది. దాంతోనే ఆ దేవుని దగ్గరికి పోదామని ఏటేటా ఎండకు పెట్టి, మడత మార్చి దాస్తున్న."



"నాకు ఎన్నడు చెప్పలే సలోమీ," అన్నాడు వెస్లీ.

"గిసొంటియి చెప్పుకుంటరా ఎవలన్న? సావు ముచ్చట పొద్దున లేస్తే ఎత్తుతరా?"

ఆమె పాటల పుస్తకం తీసుకుని క్వయిర్ ప్రాక్టీసుకు వెళ్ళిపోయింది. ఉప్మా ఎవరూ ముట్టలేదు.

పెర్సిస్ ఖాళీ సంచీని మడిచి బీరువాలో పెట్టింది. జాకెట్టు కత్తిరించే రోజు ఆ రఫ్ఫు ఆమె కళ్ళను పట్టి లాగింది. ఎంత సన్నటి అల్లికో అని మురిసి, అందరికీ కనబడాలని ఏరికోరి కాలర్ మీదికి తెచ్చింది. ఎవరు అల్లారు, ఎందుకు అల్లారు అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఏ మనిషి మీద ఏ వెలుగు ఎట్లా పడుతుందో ఇట్టే చెప్పే తను, ఏటేటా ఎండలో చీర ఆరేస్తున్న తల్లిని చూసి కూడా చూడలేదు.

బ్యాగు తీసుకుని బస్టాండుకు నడిచింది.

హైదరాబాద్‌లో సంగతి చెప్పగానే రిషిత నెత్తి పట్టుకుంది. "పోస్టర్లు కూడా అయిపోయాయి కదక్కా! షో దాంతోనే కదా మొదలు?"

"తెలుసు. అయినా నాది గాని చీర నేను కోసిన. తీసుకపోతున్న."

రిషిత హ్యాంగర్ మీది జాకెట్టు తనే తీసి, మెల్లగా మడిచి పెర్సిస్ చేతుల్లో పెట్టింది.

ఆదివారం ఆరాధన ముగించుకుని సలోమమ్మ ఇంటికి వచ్చేసరికి పెర్సిస్ బల్ల ముందు కూర్చుని జాకెట్టుకు చెయ్యి అతికిన చోట కుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏం చేస్తున్నవ్?"

"మళ్ళ చీర చేస్త అమ్మా. అతుకులైతే కనబడ్తయి... గని చేస్త."

సలోమమ్మ చెప్పులు విడిచి వచ్చి పక్కన కూర్చుంది. జాకెట్టును తిరగేసి లోపల వేళ్ళతో తడిమింది. "లోపట గీ మెత్తటి బట్ట ఏంది?"

"మల్మల్. ఆ పిల్ల గిటార్ గూడ వాయిస్తది, దాని బెల్టు భుజం మీద రాసుకుంటది. చెమటకు పాత పట్టు చిరుగుతదని అడుగున అంతట వేసిన."

"ఇదంత నువ్వే కుట్టినవా?"

"దీన్ని వేరేటోళ్ళకు ఇయ్యబుద్ధి కాలే."

సలోమమ్మ వేలు కాలర్ మీది రఫ్ఫు దగ్గర ఆగింది. "మా అమ్మ కుట్టు పక్కన నీ కుట్టు," అంది తనలో తను అనుకుంటున్నట్టు. జాకెట్టును ఒళ్ళోకి తీసుకుని, "ఆ పిల్ల ఏం పాడ్తది? జర పెట్టు," అంది.

పెర్సిస్ ఫోనులో వీడియో పెట్టింది. గిటార్లు దడదడమన్నాయి. సలోమమ్మ మొహం చిట్లించింది కానీ ఆపమనలేదు. గాయని గొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళి, చివర్లో జీరబోయింది.

"మొత్తుకుంటలేదు ఆ పిల్ల," అంది సలోమమ్మ. "ఏడుస్తున్నది. శ్రుతిలనే ఏడుస్తున్నది."

పెర్సిస్ చేతిలోని బ్లేడును ఆమె తీసి పక్కన పెట్టింది.

"విప్పకు. ఆ చెయ్యి మళ్ళ కుట్టు. ఆ పిల్లకే ఇయ్యి."

"వద్దమ్మా. నువ్వు దాసుకున్నది..."

"చీర ఎట్లయిన చీర గాదు ఇంక. మా అమ్మ అల్లింది బీరువాల ఉంటే ఎవరు చూసిన్రు? నన్ను అడిగి ఉంటే ఏడ్చేదాన్నే, గని ఇచ్చేదాన్నేమో." ఆమె కూతురి తల మీద చెయ్యి వేసింది. "నాకొక తెల్లచీర చెయ్యి. కొనుడు గాదు, అంచు నీ చేత్తోని కుట్టాలె. రైక గూడ నువ్వే కుట్టు. సచ్చినంక కట్టుడు తర్వాత ముచ్చట. ముందుగాల బతికుండంగ కట్టుకోని నీ షోకు వస్త."

పెర్సిస్ టేపు తీసుకుని తల్లి వెనక నిలబడింది. ఎవరెవరి కొలతలో ఆమె చూడకుండా చెప్పగలదు. తల్లి కొలత మాత్రం ఆమె దగ్గర లేదు. ఇంతవరకు ఎన్నడూ తీసుకోలేదు. భుజం మీద టేపు ఆనిస్తే కింద ఎముక తగిలింది. చిన్నప్పుడు తను తల ఆనించి పడుకున్న భుజమేనా ఇది? ఎప్పుడు ఇంత సన్నబడింది? టేపు మీది అంకెలు అలికేసినట్టయ్యాయి.

"గట్టిగ పట్టి కొలువు బిడ్డా," అంది సలోమమ్మ. "ఇప్పట్ల ఏం పోను."

పెర్సిస్ తల్లి వీపుకు ముఖం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

గుమ్మం దగ్గర వెస్లీ కెమెరా ఎత్తాడు. ఎత్తినవాడు మళ్ళీ దించాడు.

"సలోమీ, ఒక ఫోటో తియ్యాల్నా?"

సలోమమ్మ వెనక్కి చెయ్యి చాపి కూతురి చెంప తడిమింది.

"జర ఆగుండ్రి," అంది. "బిడ్డను కండ్లు తుడుసుకోనియ్యుండ్రి."