రొద జల్లెడ

పాప ఏడుస్తుంటే తనకు వినపడకపోవడం. అమృతవల్లికి లోకంలో ఇంతకన్నా పెద్ద భయం లేదు.

2079 నాటికి విశాఖలో ఎండలు ఎంత ముదిరాయంటే, పసిపిల్లలను కారు వెనక మూత బిగించిన చల్లటి ఊయల అరలో పడుకోబెట్టాల్సిందే. కారు తనంతట తానే నడుస్తుంది. ముందు సీట్లో తల్లి, వెనక అరలో బిడ్డ. మధ్యన ఒక మైకు, ఒక స్పీకరు. ఊపిరి తీసినా వినిపించాలి.

అమృతవల్లి కారు స్పీకరులో మాత్రం కుయ్‌మని ఒకటే రొద. వేగం పెరిగితే పైకి లేచేది, తగ్గితే దిగేది. అందులో పాప గొంతు కలిసిపోతుందేమోనని ఆమె కూడలి కూడలికీ కారు ఆపించి, మూత తీసి చూసుకునేది.

చివరికి షోరూములో రొద జల్లెడ పెట్టించుకుంది. పాత ఫిల్టర్లు శబ్దాన్ని చూసి వడపోసేవి. ఇది వినే మనిషిని చూసి వడపోస్తుంది. చెవి దగ్గర పెట్టుకున్న సెన్సర్ నాడి పట్టుకుంటుంది. ఏ చప్పుడుకు గుండె దడ పెరిగితే ఆ చప్పుడును తీసేస్తుంది. దిగేటప్పుడు, "ఈ రోజు హాయిగా ఉందా అండీ?" అని కారు అడుగుతుంది.

ఏడు రోజులూ ఆమె ఉందనే చెప్పింది. పాప పుట్టాక మొదటిసారి సీట్లో కునుకు కూడా తీసింది.

ఎనిమిదో రోజు చక్రాలు చూపించడానికి షెడ్డుకు వెళ్లింది. ముసలి మెకానిక్ సింహాద్రి జల్లెడ పెట్టెను చూసి పెదవి విరిచాడు.

"రొద పోనేదమ్మా. దుప్పటి కప్పినారంతే. పాపని దించుతావా?"

"పడుకుంది బాబాయ్. ఊపిరి వినిపిస్తోందిగా. ఈ ఎండలోకి తియ్యను."

అతను కారును జాకీ మీద ఎత్తి, బానెట్ తెరిచి, తీగల వెంట వేలు పోనిచ్చి ఒక బోల్టు దగ్గర ఆగాడు.

"ఇదేటమ్మా! ఎర్త్ బోల్టుకి పసుపెట్టినారు?"

"కొత్త బండి పూజలో అత్తయ్య అన్ని బోల్టులకూ పెట్టారు. ఒకటి వదిలితే అలుగుతుందట."

"బోల్టు అలగనేదు గానీ వాషరు అలిగింది. లోపలంతా తుప్పు! నీ కుయ్ రొద ఇందుకే."

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి, మోటారు తిప్పాడు.

"ఇప్పుడు జల్లెడ పీకి సూద్దాం. కుయ్ రాకపోతే నా పని అయినట్టే."

తీగ లాగాడు. కుయ్ రాలేదు.

బొంగురుపోయిన గొంతుతో పాప ఏడుపు వచ్చింది.

అమృతవల్లి ఒక్క ఉరుకున వెళ్లి మూత తీసింది. బెల్టు బకిల్ కింద చిట్టి చేయి నలిగి కమిలిపోయింది. చెంపల మీద కన్నీటి చారలు ఎప్పుడో ఎండిపోయాయి.

పాపను గుండెకు హత్తుకుని కారును అడిగింది: "నాకెందుకు వినిపించలేదు?"

"మీకు అన్నిటికన్నా ఎక్కువ దడ పుట్టించింది ఈ శబ్దమేనండి," కారు మర్యాదగా చెప్పింది. "మోటారు రొదకంటే ముందు దీన్నే తీశాను. ఏడు రోజులూ హాయిగా ఉందన్నారు."

సింహాద్రి పళ్లు కొరికాడు. "ఎంత అబద్ధాల యంత్రమో సూడు!"

"అది అబద్ధం చెప్పలేదు బాబాయ్," అంది అమృతవల్లి నెమ్మదిగా. "నిజంగానే హాయిగా ఉండింది."

మీ ఇంట్లో కూడా ఈ మధ్య ఎవరో ఒకరు చప్పుడు చేయకుండా ఉండి ఉంటారు. చదవడం ఇక్కడితో ఆపి, ఒక్కసారి వాళ్ల దగ్గరికి వెళ్లి చూసి రండి.