ఏడో పెట్టెకు కూడా పాకం…

"పుట్టగొడుగుల సూపు నాకు…" అని మేదిని ఆగింది. ఆగేలోపే యూనివర్సిటీ క్యాంటీన్ కౌంటరు వెనకున్న ఆవిడ గరిట ముంచి గిన్నె నింపేసింది.

"…వద్దు," అని పూర్తి చేసింది మేదిని.

ఆవిడ చెవిలోని మాటగింజ సన్నగా "సవరణ: వద్దు" అని చెప్పే ఉంటుంది. కానీ ఆవిడ అప్పటికే పక్కవాడి పళ్ళెం అందుకుంది. మేదిని సూపు తీసుకుని వెళ్ళి కూర్చుంది. స్లోవేనియా రాజధాని ల్యూబ్లియానా వచ్చిన రెండు వారాల్లో ఇది పదకొండో గిన్నె.

మాటగింజ శనగగింజంత ఉంటుంది. ఎవరు ఏ భాషలో మాట్లాడినా వినేవాళ్ళ చెవిలో వాళ్ళ భాషలో పలుకుతుంది. మొదటి రకాలు వాక్యం ముగిసేదాకా ఆగేవి. ఆ రెండు మూడు సెకన్ల మౌనం జనానికి నచ్చలేదు. తయారీదారులు అప్పుడు ముందూహను చేర్చారు. వాక్యం సగంలో ఉండగానే యంత్రం మిగతా సగాన్ని ఊహించి పలికేస్తుంది. నూటికి తొంభై ఏడు సార్లు ఊహ నిజమవుతుంది. మిగిలిన మూడింటి కోసం సవరణ ఉంది. స్లోవేనియన్‌లో అవునో కాదో ముందే తేలిపోతుంది కాబట్టి అక్కడివాళ్ళకు సవరణతో పని పడదు. అది వినే అలవాటు కూడా వాళ్ళకు పోయింది.

తెలుగులో అవునో కాదో చివరి మాటలో ఉంటుంది. పైగా మేదినిది పార్వతీపురంలో ఉన్నప్పటి నుంచీ నిదానంగా మాట్లాడే తీరు. చివరి మాటకు ముందు ఆగుతుంది. ఇంట్లో ఎవరికీ అది లోపంగా తోచలేదు. ఆగేవాళ్ళు.

"మళ్ళీ సూపేనా?" అంటూ గుల్సెన్ ఎదురుగా కూర్చుంది. గుల్సెన్ మేదిని గదిలోనే ఉంటుంది. టర్కీ పిల్ల, వచ్చి ఏడాదయింది. మొదటి వారం మాటగింజ ఆమె చేత మేదినిని "ఏమండీ" అనిపించింది. చనువు పెరిగిందని దానంతటదే లెక్కగట్టి, రెండో వారం నుంచి "ఒసేయ్" అనిపిస్తోంది.

"వద్దన్నాను."

"నేనూ పాడనన్నాను. ఏడాదిగా చర్చి గాయక బృందంలో ఉన్నాను. మా భాషలోనూ కాదన్న ముక్క చివరే వస్తుందే. అక్కడిదాకా వినే ఓపిక ఎవరికుంది? వచ్చే నెల నాకు సోలో కూడా ఇచ్చారు."

మేదిని నవ్వింది. అప్పటికి అది నవ్వుకునే సంగతే.

మేదిని వచ్చింది తేనెటీగల మీద పరిశోధనకు. విభాగం వెనక తోటలో ముఖాన రంగులు వేసిన తేనెపెట్టెలు ఏడు ఉన్నాయి. చలి ముదిరే ముందు వాటికి చక్కెర పాకం పెట్టే పని మేదినిది. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమె గైడు ప్రొఫెసర్ మార్యెటా నడవాలో ఎదురైంది. అరవై దాటిన మనిషి. నడుస్తూనే మాట్లాడుతుంది.

"పెట్టెలన్నిటికీ పాకం పెట్టావా?"

"ఆరింటికి పెట్టాను మేడమ్. ఏడో పెట్టెకు కూడా పాకం…"

మేదిని ఆగింది. పాకం అయిపోయింది. సాకులా వినపడకుండా ఆ మాట ఎలా చెప్పాలా అని చూసుకుంటోంది.

"బాగుంది," అంది ప్రొఫెసర్.

"…పెట్టలేదు. అయిపోయింది."

ప్రొఫెసర్ తలుపు దగ్గర వెనక్కి తిరక్కుండా చెయ్యి ఊపింది. పాకం గది తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. సరే, నేను చూసుకుంటానని చెయ్యి ఊపిందనుకుంది మేదిని.

శనివారం మొదలైన వాన మంగళవారం దాకా కురిసింది. ఈగలు బయటికి రాలేదు. బుధవారం పొద్దున ఏడో పెట్టె మూత తీస్తే అడుగున ఈగలు పొరలా పడి ఉన్నాయి. చట్రాల్లో మరికొన్ని, ఖాళీ అరల్లోకి తల దూర్చి, అలాగే చచ్చిపోయి ఉన్నాయి. ఆకలితో చచ్చిన ఈగలు అలాగే కనిపిస్తాయని మేదిని పుస్తకంలో చదివింది.

ప్రొఫెసర్ ఒక చట్రం పైకెత్తి చూసి మళ్ళీ దించింది.

"పాకం పెట్టానన్నావు."

"నేను పెట్టానని…"

"అన్నావు. నా చెవులతో విన్నాను. మరిచిపోతే మరిచిపోయానని చెప్పొచ్చు, నేనూ మరిచిపోతాను. అబద్ధం చెప్పే మనిషితో మాత్రం పని చెయ్యలేను. రేపు పదింటికి నా గదికి రా. వేరే గైడును చూసుకోవడానికి కాగితం రాసిస్తాను."

"…అనలేదు," అంది మేదిని. ప్రొఫెసర్ అప్పటికి తోట గేటు దాటింది.

సాయంత్రం గుల్సెన్ అంతా విని, "ముందూహను ఆపెయ్యొచ్చు తెలుసా?" అంది. "అమరికల్లో అట్టడుగున ఉంటుంది. కాకపోతే ఇద్దరూ ఒకేసారి గింజను నొక్కాలి. ఆవిడ చేత నొక్కించు."

"ఎలా అడగను? ముందూహ వద్దని నేను చెప్పబోతే కావాలని పలుకుతుంది అది."

గుల్సెన్ ఆలోచించింది. "తిరగేసి మాట్లాడు. చివరి మాట ముందు చెప్పు. నేను డాక్టరు దగ్గర అలాగే చేస్తాను. ఏదీ, నన్ను అడుగు."

"ఆపండి, మేడమ్, ముందూహను. నొక్కండి, గింజను."

"పోలీసులా ఉన్నావే!"

"మా ఊళ్ళో పెద్దవాళ్ళతో ఇలా మాట్లాడితే…"

"ఏం, కొడతారా?"

"కొట్టరు. మా అమ్మకి చెప్తారు."

అన్నం తిన్నాక ఇద్దరూ మంచం మీద కూర్చుని ఆ రెండు వాక్యాలనే ఇరవై సార్లు అనుకున్నారు. ప్రొఫెసర్‌గా గుల్సెన్ ప్రతిసారీ మొహం గంటు పెట్టుకుంది.

మర్నాడు పదింటికి మేదిని వెళ్ళేసరికి కాగితం బల్ల మీద ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. మేదిని కూర్చోలేదు.

"ఆపండి, మేడమ్, ముందూహను. నొక్కండి, గింజను. నాతో పాటు."

ప్రొఫెసర్ కలం కింద పెట్టింది. ఆ గదిలో ఆవిడకు ఎవరూ ఆజ్ఞ ఇచ్చి ఎరగరు. కోపం రాబోయిందో, ఆశ్చర్యమో, మేదినికి తెలియలేదు. కాసేపటికి ఆవిడ చెవి దగ్గరికి వేలు పోనిచ్చింది. ఇద్దరూ నొక్కారు.

మేదిని ఈసారి తిరగెయ్యకుండా మాట్లాడింది.

"శుక్రవారం మీరు అడిగినప్పుడు ఏడో పెట్టెకు పాకం…"

గదిలో చప్పుడు లేదు. ప్రొఫెసర్ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. చెవిలో ఏమీ వినపడలేదు. నోరు మూసింది. ఎదుట నించున్న పిల్ల మొహం తప్ప చూడటానికి అక్కడ ఇంకేమీ లేదు.

"…పెట్టలేదని చెప్పాను. అయిపోయిందనీ చెప్పాను. మీరు తలుపు దగ్గర ఉన్నారు."

ప్రొఫెసర్ బల్ల మీది పలక అందుకుని, మాటగింజ రాసిపెట్టిన శుక్రవారం నాటి మాటల పట్టీ తెరిచింది. "పెట్టాను" అని ఉంది. రెండున్నర సెకన్ల తర్వాత, చిన్న అక్షరాల్లో, "సవరణ: పెట్టలేదు. అయిపోయింది." ఆవిడ వేలితో పట్టీని ఇంకా పైకి జరిపింది. మేదిని మూడు వారాల మాటలకు ఇరవై ఆరు సవరణలు ఉన్నాయి. ఒక్కొక్కటీ చదవడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది.

"మొదటి రోజు నీకు గది వెచ్చగా ఉందా అని అడిగాను," అంది చివరికి.

"అవును మేడమ్."

"లేదన్నావు."

మేదిని తల ఊపింది.

ప్రొఫెసర్ కాగితాన్ని రెండుగా మడిచింది, కానీ చింపలేదు. "ఏడో పెట్టె నా వల్ల పోయింది. విభాగానికి అలాగే రాస్తాను. కాగితం సంగతి ఇక నీ ఇష్టం. మాట చివరిదాకా వినని గైడు దగ్గర ఉండమని నేను అడగలేను. ఉంటావా, వేరే చోటికి వెళ్తావా?"

"నాకు ఇక్కడ ఉండాలని…"

మేదిని అలవాటుగానే ఆగింది. ఇన్నాళ్ళూ తను ఆగేది మాటలు కూర్చుకోవడానికే అనుకుంది. ఇప్పుడు చూస్తే చివరి మాటే ఇంకా తన దగ్గర లేదు. ఈ ఊరొచ్చాక ఎప్పుడు ఈ చోటికి చేరుకున్నా తనకంటే ముందే అక్కడ జవాబు ఉండేది. గిన్నెలో సూపు ఉండేది. "బాగుంది" అన్న మాట ఉండేది. తను వాటి వెనకే నడిచింది. ఇవాళ అక్కడ ఎవరూ లేరు. ఉండాలని ఉందా? చచ్చిన ఈగలు గుర్తొచ్చాయి. వణికిన మూడు వారాలు గుర్తొచ్చాయి. మిగిలిన ఆరు పెట్టెల దగ్గర చెవి ఆనిస్తే లోపల్నుంచి వినపడే రొద గుర్తొచ్చింది.

ప్రొఫెసర్ చేతులు బల్ల మీద పెట్టుకుని చూస్తోంది. ఏదో ఒకటి చెప్పమన్నట్టు తల ఊపలేదు. గడియారం చూసుకోలేదు. నడవాలో ఎవరో నడిచి వెళ్ళారు, అడుగుల చప్పుడు దూరమయింది.

"…ఉంది," అంది మేదిని.

ప్రొఫెసర్‌కి ఆ సంగతి అప్పుడే తెలిసింది. మేదినికి కూడా.